నీడ పొడవైన నాడు: చీనీయుల శీతకాలపు పండుగ

పండుగలలో రెండు తెగలు కనిపిస్తాయి. ఒక మహాపురుషుని జననాన్నో, ధర్మవిజయాన్నో స్మరించుకొంటూ చేసుకొనేవి కొన్ని. ప్రకృతిలో కలిగే ఒక మార్పును గుర్తించి చేసుకొనేవి మరికొన్ని. మన సంక్రాంతి ఈ రెండవ తెగకు చెందినది. మన పొరుగుదేశమైన చైనాలో ఇదే తెగకు చెందిన ప్రాచీనమైన పండుగ ఒకటి ఉంది. అది ఏటా డిసెంబరు 21వ తేదీన గాని 22వ తేదీన గాని, అరుదుగా 23వ తేదీన గాని వస్తుంది. దాని పేరు దోంగ్ జీ. "దోంగ్" అంటే శీతకాలం. "జీ" అంటే చేరుకోవడం, పరాకాష్ఠనందుకోవడం. సూర్యుడు దక్షిణానికి పోగలిగినంత దూరం పోయి, తిరుగుముఖం పట్టే రోజు అది. ఉత్తరార్ధగోళంలో పగలు అత్యల్పంగా, రాత్రి అత్యధికంగా ఉండే రోజు కూడా అదే.

విశాఖపట్నంలో ఆనాటి పగలు సుమారు 11 గంటలుంటుంది. కనుక మనకు ఆ కొరత అంతగా తెలియదు. అదే బీజింగ్‌లో సూర్యుడు సుమారు 9 గంటల 20 నిమిషాలు మాత్రమే కనిపిస్తాడు. నదులు గడ్డకట్టే దేశంలో, పొయ్యిలో బొగ్గు తరిగిపోతూ ఉండే రోజులలో, "రేపటి నుండి వెలుగు పెరుగుతుంది" అనే మాట ఎంత ధైర్యాన్నిస్తుందో ఊహించుకోవచ్చు. ఆరు గీతలతో విశ్వస్థితులను సూచించే ప్రాచీన చీనా శాస్త్రంలో ఈ మాసానికి కేటాయించిన చిహ్నం పేరు "పునరాగమనం". పైనున్న అయిదు గీతలూ చీకటికి, చలికి గుర్తులు. అట్టడుగున ఉన్న ఒకే ఒక్క గీత వెలుగుకు గుర్తు. చలి నడినెత్తిన ఉన్న సమయంలోనే వెచ్చదనం అడుగున మొలకెత్తిందని దాని భావం.

ఇంటింటి పండుగ

ఈ పండుగకు ఆర్భాటం తక్కువ. ఇంటిల్లిపాది ఒకచోట చేరడం, పితృదేవతలకు నైవేద్యం పెట్టడం, వేడివేడిగా భోజనం చేయడం, ఇవే ప్రధానాంశాలు. దక్షిణ చైనాలోను, తైవాన్‌లోను జిగురు బియ్యపు పిండితో గుండ్రని ఉండలు చేసి వేడి నీళ్లలోనో, తీపి రసంలోనో ఉడికించి గిన్నెలలో వడ్డిస్తారు. వీటిని తాంగ్ యువాన్ అంటారు. ఆ పేరు పలుకుబడిలో "కుటుంబ కలయిక" అనే అర్థమున్న మాటకు దగ్గరగా ఉంటుంది. మన ఉండ్రాళ్లు ఎరిగిన వారికి వీటి రూపం కొత్తగా తోచదు. కొన్నిటి లోపల నల్లనువ్వుల పూర్ణం ఉంటుంది. చలికాలంలో నువ్వులు ఒంటికి వేడినిస్తాయన్న నమ్మకం మన సంక్రాంతి నువ్వుండలలోనూ ఉన్నదే. దోంగ్ జీ నాడు ఈ ఉండలు తింటే వయస్సులో ఒక ఏడాది పెరిగినట్లేనని అక్కడి పెద్దలు పిల్లలతో చెబుతారు.

ఉత్తర చైనాలో గోధుమపిండి రేకులో మాంసాన్నో, కూరనో కూరి, అంచులు నొక్కి, నీళ్లలో ఉడికించే జియావోజీలు తింటారు. ఇవి చూడడానికి మన కజ్జికాయల వలె ఉంటాయి. వీటి పుట్టుకకు ఒక కథ చెబుతారు. హాన్ వంశపు పాలన చివరి కాలంలో జాంగ్ జోంగ్ జింగ్ అనే సుప్రసిద్ధ వైద్యుడుండేవాడు. చలికి చెవులు పుండ్లు పడిన పేదలను చూచి ఆయన జాలిపడి, వేట మాంసాన్ని, మిరపకాయలను, మూలికలను పిండిలో చుట్టి, చెవి ఆకారంలో మలచి, పులుసుతో పంచిపెట్టాడట. ఆనాడు జియావోజీలు తినని వారి చెవులు చలికి ఊడిపోతాయని పిల్లలను నేటికీ భయపెడతారు. ఆ వైద్యుడు చారిత్రక పురుషుడే. ఆయన వైద్యగ్రంథాలు చీనా వైద్యానికి మూలస్తంభాలు. మిరపకాయ మాత్రం అమెరికా ఖండం నుండి 16వ శతాబ్దంలో గాని ఆసియాకు రాలేదు. కనుక కథకు కారం తరువాతివారు కలిపినదని గ్రహించాలి.

హాన్ వంశపు కాలంలో దోంగ్ జీకి ముందు వెనుకల రోజులలో ప్రభుత్వాధికారులు విధులకు విరామమిచ్చేవారని ఆ వంశ చరిత్ర గ్రంథం తెలుపుతుంది. నేడు చైనా ప్రధాన భూభాగంలో ఈ పండుగకు ప్రభుత్వ సెలవు లేదు. మకావులో ఉంది. హాంకాంగ్‌లోనైతే కార్మిక చట్టం ప్రకారం దోంగ్ జీ, క్రిస్మస్‌లలో ఏదో ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఆ ఎంపిక యజమానిది. అయినా సాయంకాలం పెందలకడనే పని ముగించుకొని, ఇంటి భోజనానికి అందుకోవాలని అక్కడి వారు ఆరాటపడతారు. రాత్రి షిఫ్టుకు పోయేవారు ఇంట్లో ఉంటే, వారి వేళనుబట్టి పండుగ భోజనం వేళను మార్చుకోవడం మన కుటుంబాలకు అలవాటే. సెలవు జాబితాలో లేని పండుగను కూడా ఒక జాతి వేల ఏళ్లుగా నిలుపుకొన్నదంటే, ఆ బలం గిన్నెడు ఉండల చుట్టూ కూర్చున్న కుటుంబానిదే.

ఎనభై ఒక్క రోజుల లెక్క

పగలు పెరగడం మొదలైనా చలి వెంటనే తగ్గదు. దీని కారణం మన కొలిమి పనివారికి తెలియనిది కాదు. ఇంధనం పెంచిన క్షణంలోనే కొలిమి గోడ వేడెక్కదు. లోపలికి వచ్చే వేడి కన్న బయటికి పోయే వేడి ఎక్కువగా ఉన్నంతసేపు ఉష్ణోగ్రత పడిపోతూనే ఉంటుంది. భూమి, సముద్రం కూడా అంతే. అందువల్ల కటికచలి జనవరిలో వస్తుంది.

చీనీయులు దీనిని ఏనాడో గమనించి, దోంగ్ జీ నుండి తొమ్మిదేసి రోజుల చొప్పున తొమ్మిది భాగాలుగా, మొత్తం 81 రోజులు లెక్కపెట్టే ఆచారాన్ని ఏర్పరచుకొన్నారు. మూడవ తొమ్మిది అత్యంత శీతలమని ప్రతీతి. తొమ్మిదవ తొమ్మిది పూర్తయ్యేసరికి మార్చి రెండవ వారం వస్తుంది. దుక్కిటెద్దు పొలంలోకి దిగుతుంది. ఈ లెక్కకు ఇంట్లో ఒక పటం ఉండేది. 81 రేకులున్న పూలకొమ్మను గీతలతో మాత్రమే గీసి గోడకు తగిలిస్తారు. రోజుకొక రేకుకు రంగు వేస్తారు. చివరి రేకు ఎర్రబడేసరికి బయట చెట్టు కూడా పూస్తుంది. చింగ్ వంశపు రాజప్రాసాదంలో దీనికి మరొక రూపముండేది. ఒక్కొక్కటి తొమ్మిది గీతలతో రాయవలసిన తొమ్మిది అక్షరాలను ఏర్చికూర్చి, రోజుకొక గీత చొప్పున పూరించేవారు. పనుల పురోగతిని గోడమీది పటంలో గుర్తుపెట్టే మన అలవాటుకు ఇది పూర్వరూపమనిపించక మానదు.

చక్రవర్తి స్వయంగా చేసే పూజ

ప్రజలు ఇంట్లో చేసే ఈ పండుగకు రాజ్యస్థాయిలో మరొక ముఖముంది. బీజింగ్ నగరానికి దక్షిణంగా 1420లో నిర్మితమైన స్వర్గదేవాలయ ప్రాంగణంలో, పైకప్పు లేని వృత్తాకారపు పాలరాతి వేదిక ఒకటి ఉంది. దానిని 1530లో కట్టి, 1749లో విస్తరించారు. దోంగ్ జీ నాడు తెల్లవారకముందే చక్రవర్తి ఆ వేదికపై మోకరిల్లి, ఆకాశానికి బలిని సమర్పించేవాడు. పై అంతస్తులో నడిమి రాతి చుట్టూ తొమ్మిది వలయాలున్నాయి. మొదటి వలయంలో 9 పలకలు, రెండవ దానిలో 18, ఇలా పెరిగి తొమ్మిదవ దానిలో 81. మొత్తం 405. పాఠకులు కూడి చూచుకోవచ్చు. రాచరికం పోయిన తరువాత అధ్యక్షుడు యువాన్ షికాయ్ 1914లో ఒక్కసారి ఈ పూజ జరిపించాడు. 1918లో ఆ ప్రాంగణం ప్రజల ఉద్యానవనమైంది. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

చక్రవర్తి "ఆకాశపుత్రుడు" అని చీనీయుల విశ్వాసం. పంచాంగం ప్రకటించడం అతని హక్కు. అది సరిగా ఉండడం అతని అర్హతకు నిదర్శనం. దోంగ్ జీ ఒక్క రోజు తప్పితే పూజ తప్పినట్లు, పూజ తప్పితే రాజ్యాధికారానికే మచ్చ వచ్చినట్లు. అందుచేత ఆ రోజును కనిపెట్టడం రాజ్యానికి అత్యవసరమైన పనిగా పరిణమించింది.

నీడను కొలిచిన మేధావులు

పద్ధతి వినడానికి సులభమే. సమతలంపై నిటారుగా ఒక స్తంభాన్ని పాతి, రోజూ మధ్యాహ్నం దాని నీడను కొలవాలి. ఏ రోజు నీడ అత్యంత పొడవుగా ఉంటే ఆ రోజే దోంగ్ జీ. దీనినే మన సిద్ధాంత గ్రంథాలు శంకుచ్ఛాయ అన్నాయి. చైనాలో ఆ శంకువు ఎత్తు ఎనిమిది చీనా అడుగులని స్థిరపడింది. ఇంచుమించు రెండు మీటర్లనుకోవచ్చు.

చిక్కంతా కొలతలో ఉంది. హెనాన్ రాష్ట్రంలోని దెంగ్‌ఫెంగ్ అక్షాంశం వద్ద రెండు మీటర్ల శంకువుకు ఆనాటి నీడ మూడు మీటర్లకు పైగా ఉంటుంది. కాని ఆ రోజుకు, మరుసటి రోజుకు నీడలో తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. పైగా సూర్యుడు బిందువు కాదు, బింబం. కనుక నీడ అంచు ఆరేడు సెంటీమీటర్ల మేర మసకబారి ఉంటుంది. ఆ మసకలో అర మిల్లీమీటరును వెదకాలి. ఆ రోజు మబ్బు పట్టిందా, ఏడాది శ్రమ వృథా.

ఈ చిక్కును విప్పినవాడు జు చోంగ్జీ (429-500). దోంగ్ జీ నాటి నీడను కొలవడం మానుకొని, దానికి సుమారు 23 రోజుల ముందు ఒకసారి, దాదాపు అన్నే రోజుల తరువాత వరుసగా రెండు రోజులు కొలిచాడు. అప్పుడు నీడ రోజుకు ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా మారుతుంది. ముందు కొలిచిన పొడవు, తరువాతి రెండు పొడవుల మధ్య ఎక్కడ పడుతుందో నిష్పత్తితో తేల్చి, ఆ రెండు సమాన ఛాయాక్షణాలకు నడిమి క్షణమే దోంగ్ జీ అని నిర్ణయించాడు. రోజునే కాదు, రోజులో ఏ వేళో కూడా ఈ పద్ధతి చెప్పగలదు. వక్రరేఖ శిఖరం చదునుగా ఉన్నప్పుడు శిఖరాన్ని వెదకక, వాలుగా ఉన్న రెండు పక్కలను కొలిచి నడిమిని పట్టడమనే ఈ ఉపాయాన్ని నేటి పరికరాల విభాగాలలోనూ వాడుతున్నాం. ఆయన పంచాంగాన్ని రాజాస్థానంలో పలుకుబడిగల ఒక అధికారి అడ్డుకొన్నాడు. అది అమలులోకి వచ్చింది 510లో, ఆయన మరణించిన పదేళ్లకు.

ఎనిమిది శతాబ్దాల అనంతరం గువో షౌజింగ్ (1231-1316) మరొక దారి తొక్కాడు. ఈయన వృత్తిరీత్యా జలవనరుల ఇంజనీరు; బీజింగ్‌కు ధాన్యపు పడవలు చేరడానికి 1293లో పూర్తయిన కాలువ ఈయన పథకమే. కుబ్లయ్ ఖాన్ ఆజ్ఞపై పంచాంగ సంస్కరణకు పూనుకొని, శంకువు ఎత్తును అయిదింతలు చేసి నలభై అడుగులకు పెంచాడు. దెంగ్‌ఫెంగ్ వద్ద 1276 ప్రాంతంలో ఆయన కట్టించిన ఇటుకల గోపురం, దాని పాదం నుండి ఉత్తరంగా 31 మీటర్లకు పైగా సాగిన రాతి కొలబద్ద నేటికీ నిలిచి ఉన్నాయి. శంకువు పెరిగితే నీడ మసక కూడా పెరుగుతుంది గదా! దానికి విరుగుడుగా, సన్నని రంధ్రమున్న రేకును కొలబద్దపై జరుపుతూ సూర్యబింబపు ప్రతిరూపాన్ని, దాని నడుమ అడ్డుకమ్మీ నీడను స్పష్టంగా పట్టే సాధనాన్ని కల్పించాడు. దేశమంతటా 27 చోట్ల పరిశీలనలు చేయించాడు. 1281లో అమలైన ఆ పంచాంగంలో సంవత్సర ప్రమాణం 365.2425 రోజులు. మూడు శతాబ్దాల తరువాత, 1582లో, యూరప్‌లో వచ్చిన గ్రెగోరియన్ కాలెండరు సగటు సంవత్సర ప్రమాణం సరిగ్గా ఇదే. వాస్తవానికి దీనికి తేడా ఏడాదికి అర నిమిషం లోపు.

ఈ కృషిలో భారతీయుల పాత్ర కూడా ఉన్నదని తెలిసినప్పుడు మనకు సంతోషం కలుగుతుంది. తాంగ్ వంశపు కాలంలో భారత సంతతికి చెందిన గౌతమ సిద్ధుడు రాజధాని చాంగాన్‌లో ఖగోళ శాఖకు అధిపతిగా ఉన్నాడు. 718లో ఆయన "నవగ్రహ" పేరుతో భారతీయ గణితపద్ధతిని చీనా భాషలోకి తెచ్చాడు. జ్యాపట్టికను, శూన్యాన్ని చుక్కతో సూచించే భారతీయ అంకెల పద్ధతిని అందులో పరిచయం చేశాడు.

నీడ చెప్పిన తీర్పు

కొలతపై మనుషుల ప్రాణాలు ఆధారపడిన ఘట్టం కూడా ఈ చరిత్రలో ఉంది. 1645లో చింగ్ ప్రభుత్వం జర్మన్ మతగురువు, ఖగోళవేత్త ఆడమ్ షాల్ రూపొందించిన పంచాంగాన్ని స్వీకరించింది. విదేశీ పద్ధతులను ద్వేషించిన యాంగ్ గ్వాంగ్ షియన్ 1664లో షాల్‌పై తీవ్రాభియోగాలు మోపాడు. రాజకుమారుని ఖననానికి చెడు ముహూర్తం పెట్టారన్నది వాటిలో ఒకటి. 1665లో షాల్‌కు మరణశిక్ష పడింది. అంతలో భూకంపం రావడం వల్ల దానిని రద్దుచేశారు. కాని ఆయనతో పనిచేసిన అయిదుగురు చీనా ఖగోళ శాఖోద్యోగుల తలలు తెగిపడ్డాయి. షాల్ మరుసటి ఏడే మరణించాడు. ఖగోళ శాఖ యాంగ్ చేతికి వచ్చింది.

యాంగ్ పక్షం వారి పంచాంగంలో తప్పులున్నాయన్న ఆరోపణ 1668లో పదునాలుగేళ్ల చక్రవర్తి కాంగ్ షీ ఎదుటికి వచ్చింది. వాదప్రతివాదాలతో కాలక్షేపం చేయక, ఆయన ఒక పరీక్ష పెట్టాడు. ఇంత ఎత్తు శంకువుకు రేపు మధ్యాహ్నం నీడ ఎంతవరకు పడుతుందో ముందుగా గీత గీసి చూపాలి. యాంగ్ వర్గం చేయలేకపోయింది. బెల్జియం దేశీయుడైన ఫెర్డినాండ్ వెర్బీస్ట్ గీత గీశాడు. డిసెంబరు నెలాఖరులో, దోంగ్ జీ దాటిన కొద్ది రోజులకే, మంత్రుల సమక్షంలో మూడు రోజులు పరీక్ష జరిగింది. మూడు రోజులూ నీడ ఆయన గీతనే తాకింది. 1669లో యాంగ్ పదవి పోయింది. షాల్‌కు గౌరవం పునరుద్ధరింపబడింది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగిరాలేదు. కాంగ్ షీ ఆ తరువాత తానే గణితం, ఖగోళం అభ్యసించాడు. తీర్పు చెప్పవలసినవానికి విషయం తెలియకపోతే ఎంతటి అనర్థమో ఆయన కళ్లారా చూచాడు.

పండుగలన్నిటికీ కొండగుర్తు

చీనా పంచాంగం సంవత్సరాన్ని 24 సౌర భాగాలుగా విభజిస్తుంది. ఈ పద్ధతిని 2016లో యునెస్కో మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దోంగ్ జీ ఏ చాంద్రమాసంలో పడితే అది పదకొండవ నెల. ఇది మార్పులేని నియమం. తక్కిన పండుగలు దీనిని బట్టే కుదురుతాయి. దోంగ్ జీ తరువాత సాధారణంగా రెండవ అమావాస్య నాడు కొత్త సంవత్సరాది, అనగా వసంతోత్సవం వస్తుంది. కోల్‌కతాలో పనిచేసిన మన సహోద్యోగులు టాంగ్రా ప్రాంతంలో ఈ ఉత్సవాన్ని చూచే ఉంటారు. దోంగ్ జీకి సుమారు 105 రోజుల తరువాత, ఏప్రిల్ 4, 5 తేదీలలో, పెద్దల సమాధులను శుభ్రపరచి నివాళులర్పించే చింగ్ మింగ్ వస్తుంది. అయిదవ నెల అయిదవ నాటి పడవ పందేలు, ఎనిమిదవ నెల పున్నమినాటి శరత్ పూర్ణిమ కూడా ఈ నెలల లెక్కనే అనుసరిస్తాయి.

అధికమాసం విషయంలో మనకు, వారికి గల పోలిక ఆశ్చర్యకరం. సంక్రమణం లేని చాంద్రమాసం మనకు అధికమాసం. 24 భాగాలలో ప్రధానమైన 12 బిందువులలో ఏదీ పడని చాంద్రమాసం వారికి అధికమాసం. అయితే రెండు దోంగ్ జీల నడుమ పదమూడు నెలలు వచ్చిన ఏడాదిలోనే వారు దానిని చేరుస్తారు. సూత్రం దాదాపు ఒకటే అయినా ఫలితాలు ఒకటి కావు. 2023లో మనకు అధిక శ్రావణం వస్తే, వారికి రెండవ నెల అధికమైంది. కారణం, వారు బిందువులను సూర్యుని ఋతుగమనాన్ని బట్టి లెక్కిస్తారు. మన పంచాంగకర్తలు నక్షత్రాలను బట్టి లెక్కిస్తారు.

మన సంక్రాంతి మాటేమిటి?

ఈ భేదం మన ఇంటి పండుగకూ వర్తిస్తుంది. ఉత్తరాయణ పుణ్యకాలంగా మనం మకర సంక్రాంతిని జనవరి 14న గాని 15న గాని జరుపుకొంటాం. కాని సూర్యుడు వాస్తవంగా ఉత్తరముఖుడయ్యేది దోంగ్ జీ నాడే. భూమి అక్షం బొంగరపు తలవలె నెమ్మదిగా తిరగడం వల్ల నక్షత్ర సంవత్సరానికి, ఋతు సంవత్సరానికి ఏడాదికి సుమారు 20 నిమిషాల తేడా వస్తుంది. అంటే ఇంచుమించు 71 ఏళ్లకు ఒక రోజు. వివేకానందస్వామి జన్మించిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి దినమే. ఆ పండుగ నేడు 14, 15 తేదీలకు జరిగింది. ఈ అయనచలనాన్ని మన పూర్వులు ఎరుగనివారు కారు. వేదాంగ జ్యోతిషంలో ఉత్తరాయణం ధనిష్ఠా నక్షత్రం మొదట ఆరంభమైనట్లున్నది.

స్వాతంత్ర్యానంతరం ఆచార్య మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక సమర్పించింది. దాని ఫలితంగా 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. అందులో పుష్యమాసం డిసెంబరు 22న మొదలవుతుంది. అది ఋతువులను వీడిపోదు. గెజెట్ పైన ముద్రించే శకతేదీ అదే. కాని మన పండుగలు పాత లెక్కనే నడుస్తున్నాయి. సరిదిద్దితే తరతరాల ఆచారంతో తెగతెంపులు. సరిదిద్దకపోతే పండుగ తన ఋతువుకు క్రమంగా దూరమవుతుంది. రెండు పక్షాలలోనూ న్యాయముంది. ఏ నిర్ణయానికి వచ్చినా, ముందుగా సత్యమేమిటో పిల్లలకు చెప్పడం పెద్దల కర్తవ్యమని నా అభిప్రాయం.

అందుకు ఖర్చులేని మార్గమొకటి ఉంది. ఈ డిసెంబరు 21 లేదా 22న మన కాలనీ మైదానంలో ఒక మీటరు పొడవున్న కర్రను తూకపు గుండుతో సరిచూచి నిటారుగా నిలపండి. మధ్యాహ్నం నీడ అతి పొట్టిగా ఉన్న క్షణంలో దాని కొనను పిల్లలచేత గుర్తుపెట్టించండి. విశాఖలో 87 సెంటీమీటర్లు, ఢిల్లీలో 128 సెంటీమీటర్లు రావాలి. బీజింగ్‌లో అదే కర్రకు దాదాపు రెండు మీటర్ల నీడ పడుతుంది. మరల సంక్రాంతి నాడు అదే చోట కొలిపించండి. నీడ అప్పటికే ఆరేడు సెంటీమీటర్లు తగ్గి ఉంటుంది. అరిసెలు తింటూ ఆ తేడాకు కారణమేమిటని పిల్లలు అడిగితే, చెప్పడానికి మన వద్ద పదిహేను శతాబ్దాల కథ ఉంది.